ఆదివారం మోగిన సైరన్

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. ఖరగపూర్‌లో మా క్వార్టర్ల వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని అందరూ వణికిపోతే, నేను దాని కిందే కూర్చుని చింతకాయలు తిన్నదాన్ని. అందుకని ఇది చదివి, పిచ్చిది ఏదో ఊహించుకుంది అనుకోకండి.

తొంభైల మొదట్లో సంగతి. నాన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వానలో సైకిలు జారి కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, ఇంక నడవచ్చని డాక్టరు చెప్పినా నాన కుర్చీ దిగలేదు. పాదం నేల మీద మోపితే చాలు, చెమటలు పట్టేసేవి. నడవకపోతే ఉద్యోగం పోతాది, దాంతోపాటు క్వార్టరూ పోతాది. అమ్మ చర్చిలో మోకాళ్ల మీద ఏడ్చేది, ఇంటికొచ్చి నాన మీద అరిచేది.

అమ్మ తమ్ముడు, మా చిన్నమావ, చిన్నప్పట్నుంచీ మా ఇంట్లోనే పెరిగినాడు. ఊళ్లోనే ఇందా అనే పేటలో పెళ్లిళ్లకి వీడియో తీసేవాడు. ముహూర్తాలు లేని నెలలో చేతులు ఊరుకోక ఒక సినిమా తీసేసినాడు. ఇంట్లో వీసీఆర్‌లో చూసుకోడానికే. కథేటంటే, ఆకాశం నుంచి తోకచుక్క వచ్చి ఖరగపూర్ మీద పడిపోతాది. పాత ఫుట్‌బాలుకి మెరుపు కాగితం చుట్టి, బట్టలారేసే తీగ మీద జారవిడిచినాడు మహానుభావుడు. అదే తోకచుక్క! మేమంతా తాల్‌బగీచా మైదానంలో "బాబోయ్" అని పరిగెత్తినాం. నాన పరిగెత్తలేడు కాబట్టి సైంటిస్టు వేషం. కుర్చీలో కూర్చుని "వచ్చేస్తంది, పారిపోండి!" అనాలి. ఆ ముక్క ఎంత బాగా అన్నాడో! నాన నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో అనిపించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక క్యాసెట్టు పెట్టినాం. తోకచుక్క తీగ మీద ఊగుతుంటే నవ్వలేక చచ్చినాం. తర్వాత ఊరంతా పారిపోయే సీను.

అప్పుడు మోగింది సైరన్. మా వర్క్‌షాపు సైరనే. ఆ మోతకే నిద్ర లేచి, ఆ మోతకే అన్నం తినే ఊరు మాది, పొరబడే సమస్యే లేదు. అమ్మ ఆదివారమన్న సంగతే మరిచిపోయి టిఫిన్ కేరేజీ కోసం వంటింట్లోకి ఉరికింది. చిన్నమావ నాన సైకిలు బయటికి దించినాడు. నేను చెప్పులు తెచ్చి నాన కాళ్ల దగ్గర పెట్టినాను. నాన డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఎవరి పని వాళ్లకి అలవాటు.

తలెత్తేసరికి నాన నిలబడున్నాడు.

చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని, గుమ్మం దాకా నడిచినాడు. అమ్మ చేతిలో కేరేజీ ఢామ్మని కింద పడింది. "ఓరి దేవుడా, నడిసేసినారు!" అని నానని పట్టుకుని ఒకటే ఏడుపు. మేమూ ఏడ్చేసినాం.

ఏడుపులయ్యాక చిన్నమావకి వెలిగింది. "అక్కా, ఇయాల వర్క్‌షాపు మూసుంది కదే!"

క్యాసెట్టు వెనక్కి తిప్పినాం. ఆ సీన్లో చప్పుడే లేదు. తర్వాత పాట కలుపుదామని మైకు ఆపేసే తీసినాడంట. బయట బట్టలారేస్తున్న పక్కింటి బెంగాలీ దీదీని అమ్మ అడిగితే "కీ సైరన్ బౌదీ? ఆజ్ తో రోబిబార్!" అని, ఆదివారం పూట సైరనేటన్నట్టు వింతగా చూసింది. అది దేవదూత బూరేనని అమ్మ తేల్చేసింది. నాన తర్వాత డ్యూటీలో చేరినాడు.

చాలా ఏళ్లకి, నా పెళ్లయ్యాక, ఒకరోజు నాన దగ్గర ఆ సైరన్ మాటెత్తినాను. నాన తల అడ్డంగా ఊపినాడు.

"మీరంతా సైరన్ సైరన్ అన్నారు గానీ, నాకేటీ ఇనబళ్లేదే."

మరెందుకు లేచినావని అడిగినాను.

"టీవీలో మీరందరూ లగెత్తీసినారు. నేనొక్కణ్ణే కుర్సీలో ఉండిపోనాను. మీ యమ్మ ఒక్కపాలైనా ఎనక్కి సూస్తాదేమోనని సూసినాను. సూళ్లేదు. సినిమా అని తెల్సు. అయినా మరి కూకోలేపోనాను."



ఆ సైరన్ ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను. అది లేకుండానే నాన లేచినాడు. విన్నది మేం ముగ్గురమే. వినకపోయుంటే టీవీకేసి చూసి నవ్వుతూనే ఉందుము, వెనకాల నాన ఒక్కడే లేచి నిలబడి ఉండేవాడు.