పద్దెనిమిది రూపాయల అభ్యంతరం

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒకే ఒక్క అబద్ధం రాసి, నా పెళ్ళిని నేనే చెడగొట్టుకున్నంత పని చేశాను. అదీ లక్షల కోసమా, భూముల కోసమా? పద్దెనిమిది రూపాయల కోసం. అక్షరాలా పద్దెనిమిది. మొహమాటపడకుండా నవ్వండి. మా ఆవిడ పాతికేళ్ళుగా నవ్వుతూనే ఉంది, మీరు నవ్వితే నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

తొంభైల చివరి మాట ఇది. మా శంషాబాద్‌లో అప్పటికి విమానాలు లేవు. బెంగుళూరు రోడ్డు మీద లారీలు పోయేవి, మేము పక్కకు జరిగేవాళ్ళం, అంతే ప్రయాణ సౌకర్యం. నేను మెహదీపట్నంలో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాను కాబట్టి ఊళ్ళో నన్ను ‘కంప్యూటర్ ప్రభుదాస్’ అనేవారు. నాకు కంప్యూటర్ లేదు. దాన్ని ముట్టుకోవాలంటే రెండు బస్సులు మారి పోయి, నెట్ సెంటర్‌లో అరగంటకు ఇంత అని కట్టాలి. అయినా ఆ బిరుదు మోయడానికి నాకేమీ బరువనిపించలేదు.

ఆ రోజుల్లోనే నాకు కొత్వాల్‌గూడ సునీతతో పెళ్ళి కుదిరింది. ఇద్దరిదీ ఒకటే చర్చి. ఆమె ఊళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. మా చర్చిలో పెళ్ళికి ముందు వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చేస్తారు. పాస్టరుగారు, అంటే మేము అయ్యగారు అంటాము, పిల్ల పేరు, పిల్లగాడి పేరు, తండ్రుల పేర్లు చదివి, ‘ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి’ అని అడుగుతారు. ఎవరూ చెప్పరు. మా తాతల కాలం నుంచీ చెప్పలేదు. అందరూ పెళ్ళి భోజనం తలుచుకుంటూ గమ్మున కూర్చుంటారు.

మొదటి ప్రకటన అయిన రోజే అయ్యగారు నన్ను పిలిచారు. చర్చికి ఎవరో కొత్త కీబోర్డు కానుకగా ఇచ్చారు కాబట్టి పాత హార్మోనియం అమ్మాలట. ‘నీకు కంప్యూటర్ వచ్చు గద బిడ్డా, అండ్ల పెట్టి అమ్మరాదూ’ అన్నారు. కాబోయే పెళ్ళికొడుకుని, మామగారు పక్కనే నిలబడి ఉన్నారు. రాదని ఎట్లా అంటాను?

అప్పుడే ఇంటర్నెట్‌లో పాత సామాన్ల ప్రకటనలు ఉచితంగా పెట్టుకునే పేజీ ఒకటి వచ్చింది. అందులో రాశాను: ‘హార్మోనియం. కొత్తదానితో సమానం. ఒకే యజమాని వాడినది.’ యజమాని ఎవరంటే దేవుడు, కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. మొదటి మాట సంగతి నన్నడగకండి.

రెండో రోజే జవాబు వచ్చిందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు, నెట్ సెంటర్‌లో కుర్చీ మీది నుంచి లేచి నిలబడ్డాను. రేపల్లె దగ్గర ఒక పల్లెలో చిన్న చర్చి. దాని పెద్ద దైవసహాయం మాస్టారు, బడిపంతులుగా చేసి రిటైరయినాయన. గుంటూరులో ఉన్న ఆయన మేనల్లుడు ప్రకటన చూసి బేరం కుదిర్చాడు. ఎనిమిది వందలు మనియార్డరు వచ్చింది. దానితోబాటు పంపే ఖర్చులకు వేరే డబ్బు, కింద మాస్టారి గుండ్రటి చేతిరాత: ‘దయచేసి పూర్తి విలువకు బీమా చేయించి పంపవలెను. మాది పేద సంఘమండీ, మళ్ళీ కొనలేము.’

ఆ చివరి వాక్యం నేను చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, రెండు సార్లు చదివాను.

లారీ పార్సిల్లో వేయమన్నారు కొందరు, బస్సులో కండక్టరుకు అప్పజెప్పమన్నారు కొందరు. నేను పోస్టే అన్నాను, ఎందుకంటే బీమా పార్సిల్‌కు గుడ్డ కుట్టాలి, గుడ్డ కుట్టాలంటే సునీత ఇంటికి పోవాలి. పెళ్ళికి ముందు పిల్ల ఇంటికి పోవడానికి ఇంతకంటే పవిత్రమైన సాకు ఎవరికి దొరుకుతుంది? హార్మోనియంను ఒక మామిడిపండ్ల పెట్టెలో పెట్టి, కింద ఇంత పైన ఇంత వరిగడ్డి వేసి, సైకిల్ మీద కొత్వాల్‌గూడకు తోసుకుపోయాను. క్రిస్మస్ నాటకంలో దేవదూత వేసుకునే తెల్ల అంగీ పాతబడి ఉంటే, సునీత దాన్ని కత్తిరించి పెట్టె చుట్టూ కుట్టడానికి కూర్చుంది.

పెట్టెను ఒకసారి కదిపి చూసి అంది, ‘లోపల కదులుతున్నది. ఇంకింత గడ్డి పెట్టరాదూ?’

‘ఏం కాదు’ అన్నాను, నిపుణుడిలాగా.

‘బీమా ఎంతకు చేస్తున్నవ్?’

‘మొత్తానికి’ అన్నాను. అప్పటికి నా ఉద్దేశం కూడా అదే, ఒట్టు.

పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వచ్చేసరికే నాలో ఉన్న పొదుపరి నిద్రలేచాడు. కిటికీ వెనక పెద్దమనిషి చాలా నెమ్మదస్తుడు. కుట్టు ఉన్న చోటల్లా లక్క ముద్రలు వేయమన్నాడు, రూపాయి బిళ్ళతో వేస్తే చెల్లదని చెప్పి, నేను మా నాన్న ఉంగరం తెచ్చుకునేదాకా ఓపిక పట్టాడు. తరువాత అడిగాడు, ‘ఎంతకు బీమా?’

‘ఎనిమిది వందలకైతే ఎంతయితది?’

చెప్పాడు.

‘అయిదు వందలకైతే?’

‘జర తక్కువయితది.’

‘మూడు వందలకు?’

‘ఇంక తక్కువ.’

బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ వేలంపాట పైకి పోతుంది. నేను ఒక్కణ్ణే నిలబడి కిందికి పాడుకుంటున్నాను.

‘అన్నిట్లకెల్ల తక్కువ ఏది?’ అని అడిగాను.

‘చేయించకపోవుడు’ అన్నాడాయన.

‘అట్ల గాదన్నా, బీమా చేసిన అని చెప్పుకునేటట్టు ఉండాలె.’

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. ‘అయితే వందకు రాయి. గని తమ్మీ, పలిగితే ఆ వందే వస్తది. సోంచాయించుకో.’

సోంచాయించాను. పోస్టులో పోయేవాటిలో పగిలేవి ఎన్ని ఉంటాయి, మనదే ఎందుకు పగలాలి, పగలని దానికి బీమా దండగ కదా? ఈ తర్కం నాకు అప్పుడు ఎంత గొప్పగా తోచిందంటే, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకు కూడా నేర్పేవాణ్ణి. దేవదూత అంగీ మీద, మాస్టారి చిరునామాకు పైన, నా చేత్తో నేనే రాశాను: ‘బీమా విలువ వంద రూపాయలు మాత్రమే.’ కింద పంపినవారి పేరు, మా చర్చి చిరునామా, నా సంతకం.

మిగిలింది పద్దెనిమిది రూపాయలు. ఆ పద్దెనిమిదితో ఆరాంఘర్ దగ్గర హోటల్లో చిన్న సమోసాలు ఒక ప్లేటు, రెండు చాయ్‌లు లాగించి, నెట్ సెంటర్‌కు పోయి ‘తమరు కోరినట్లే బీమా చేయించి పంపాను’ అని మాస్టారి మేనల్లుడికి మెయిలు కొట్టాను. ఆ సమోసాల రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. ఎందుకున్నదో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

రెండో ఆదివారం ప్రకటన అయ్యాక అయ్యగారు నన్ను లేపి నిలబెట్టి, ఈ అబ్బాయి పైసా తీసుకోకుండా హార్మోనియం అమ్మిపెట్టాడని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వైపు నుంచి సునీత కూడా కొట్టింది. నేను తల వంచుకొని వినయంగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో ఆదివారం వచ్చింది. ఇదొక్కటి దాటితే పెళ్ళే. చాపల మీద వెనక వరసలో ఎవరో కొత్త మనిషి, తెల్ల పంచె, చేతిసంచీ, కంటికి పచ్చ గుడ్డ. కంటి ఆపరేషన్‌కు పట్నం వచ్చిన ఎవరి చుట్టమో అనుకున్నాం. అయ్యగారు నా పేరు, నాన్న పేరు, సునీత పేరు, మామగారి పేరు చదివి, ‘మూడవసారి అడుగుతున్నాను, ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?’ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కాగితం మడుస్తున్నారు.

‘ఉందండీ’ అంది వెనక నుంచి ఒక గొంతు.

కీబోర్డు దగ్గర కూర్చున్న పిల్లగాడి మోచేయి దేనికి తగిలిందో, అందులోంచి డిస్కో దరువు మొదలైంది, దాన్ని ఆపడం వాడికి తెలియదు. ఆ దరువులోనే తెల్ల పంచె ఆయన మెల్లగా ముందుకు నడిచి వచ్చాడు. మా అమ్మ నా వైపు తిరిగి, ‘ఎవరి పిల్లను ఆగం చేసినవ్‌రా?’ అంది, గుసగుసగా అనుకుంది గానీ అందరికీ వినబడింది. అత్తగారు అప్పటికే కొంగు నోట్లో కుక్కుకున్నారు. సునీత మాత్రం నన్నే చూస్తోంది. వీడు ఏమీ చేసి ఉండడు, ఇప్పుడే చెప్తాడు అన్న ధైర్యంతో చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక నేను కీబోర్డు వైపు తిరిగాను.

ఆయన సంచీలోంచి ఒక గుడ్డ తీసి అయ్యగారి ముందు పరిచాడు. దేవదూత అంగీ. లక్క ముద్రలు అట్లాగే ఉన్నాయి.

‘నా పేరు దైవసహాయమండీ. ఈ అబ్బాయి పంపిన హార్మోనియం మాకు చేరేసరికి తిత్తి చిరిగి, మూడు మెట్లు ఊడి ఉన్నాయండీ. పోస్టువాళ్ళను అడిగితే, వాళ్ళ తప్పేమీ లేదు, లోపల సరిగా కట్టలేదు, పైగా విలువ వందే అని రాసి ఉందన్నారు. పూర్తి బీమాకు డబ్బు పంపామండీ మేము. పెళ్ళి ఆపాలని కాదండీ నేను వచ్చింది. ఆరాధన అయ్యాక మాట్లాడదామనే కూర్చున్నా. కానీ మీరు అభ్యంతరం ఉందా అని అడిగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ప్రశ్న అడిగితే జవాబు చెప్పమని నేర్పినవాణ్ణి, ఉండీ లేదని ఎట్లా చెప్పమంటారు?’

అయ్యగారు గుడ్డ మీది రాత చదివారు. మళ్ళీ చదివారు.

‘ప్రభుదాసూ, గిది నీ దస్తూరియేనా?’

‘నాదే అయ్యగారు.’

‘మొత్తం బీమాకు పైసలు పంపిన్రట గద. ఏమైనయ్?’

ఆ ఘడియలో వెయ్యి జవాబులు వెతికాను. అబద్ధం ఒక్కటి కూడా దొరకలేదు, ఉన్న ఒక్కటీ గుడ్డ మీద ఖర్చయిపోయింది.

‘సమోసాలైనయ్, అయ్యగారు’ అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తరువాత ఏళ్ళతరబడి నవ్వారు గానీ ఆ రోజు నవ్వలేదు. అయ్యగారు కాగితం జేబులో పెట్టుకొని, మూడో ప్రకటన పూర్తి కాలేదని, వాయిద్యం బాగుపడ్డాక వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతానని అన్నారు. మామగారు చెప్పులేసుకొని వెళ్ళిపోయారు. ఆ మనిషి తిట్టినా బాగుండేది.

ఆ వారం నేను పడ్డ పాట్లు పగవాడికి వద్దు. మాస్టారితోనే వాళ్ళ ఊరికి పోయి, హార్మోనియంను ఒళ్ళో పెట్టుకొని బస్సులో హైదరాబాద్ తెచ్చి, పెళ్ళి సూటుకని దాచుకున్న పైసలతో కొత్త తిత్తి, కొత్త మెట్లు వేయించి, మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకొని తిరుగు ప్రయాణం. ఈసారి బీమా నేనే. గుంత వచ్చినప్పుడల్లా అది నా ఒళ్ళో ‘భోం’ అనేది, పక్క సీటువాళ్ళు నన్ను అదోలా చూసేవాళ్ళు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు, నాది గోరూ పోయింది, గొడ్డలీ నేనే కొన్నాను.

నాలుగో ఆదివారం చర్చి నిండిపోయింది. పెళ్ళికి కూడా అంత మంది వస్తారో రారో. వెనక వరసలో మాస్టారు మళ్ళీ ఉన్నారు. అయ్యగారు పేర్లు చదివి, ‘ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?’ అన్నారో లేదో మాస్టారు లేచారు.

‘లేదండీ’ అన్నారాయన. ‘హార్మోనియం చక్కగా పలుకుతోంది. ఆ మాట చెప్పడానికే వచ్చాను.’

అందరూ ఊపిరి వదిలారు. నేనైతే అప్పుడే మనసులో పెళ్ళిపీట ఎక్కేశాను. అయ్యగారు కాగితం మడవబోతుండగా, ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకొక గొంతు లేచింది.

‘నాకున్నది, అయ్యగారు.’

సునీత. వాళ్ళమ్మ చెయ్యి పట్టి గుంజుతున్నా కూర్చోలేదు.

‘మొత్తానికి బీమా చేస్తున్న అని నాతోని చెప్పిండు. వందకు చేసిండు. రేపు నన్ను గూడ మీరు వాళ్ళింటికి పంపుతున్నరు గద. నా మీద ఎంత రాస్తడో, జర ఇప్పుడే రాసియ్యమనుండ్రి.’

అప్పుడు నవ్వారు. మాస్టారు నవ్వారు, మామగారు నవ్వారు, అయ్యగారు నవ్వు ఆపుకుంటూ ప్రకటన కాగితం వెనక్కి తిప్పి, పెన్ను నాకిచ్చారు. ‘పూర్తి విలువ’ అని రాసి, సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాను.

చదివి, ‘అంటే ఎంత?’ అంది.

‘నువ్వే చెప్పు’ అన్నాను.

‘జన్మంతా కట్టుకుంట పో. తెలుస్తది’ అని కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. కిస్తీలు నడుస్తూనే ఉన్నాయి, మొత్తం ఎంతో ఇంకా తెలియలేదు. కాబట్టి చదువరులారా, మీ అందరినీ సాక్షులుగా పెట్టి, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీద చుట్టాలింటికి పచ్చడి సీసా పంపినా సరే, పూర్తి విలువకే బీమా చేయిస్తాను, పైన రాసేటప్పుడు మా ఆవిడను పక్కనే నిలబెట్టుకుంటాను, బతికి ఉన్నంత కాలం ఆరాంఘర్ దాటేటప్పుడు సమోసాల వైపు తల తిప్పను. ఈ ప్రమాణానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే, దయచేసి గమ్మున కూర్చోండి.