పీక్యూఆర్ త్రిభుజం

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో మా లెక్కల అయ్యవారి ట్యూషన్ ఆయన ఇంటి అరుగు మీద జరిగేది. ఆయన పద్ధతి ఒకటే, సిద్ధాంతాలన్నీ బట్టీ కొట్టాలి. అప్పజెప్పిన పిల్ల, అప్పజెప్పలేని పిల్ల ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. స్నేహితురాలే కదా అని మెల్లగా కొడితే, ఎట్లా కొట్టాలో అయ్యవారు నా చెంప మీదే చూపించేవాడు. పాడు ట్యూషన్! సాయంత్రమైతే చాలు, ఆ అరుగెక్కాలంటే భయం. ఆ భయానికే పుస్తకమంతా మింగేశాను.

పదో తరగతి పరీక్షలో నాకొచ్చిన సిద్ధాంతమే ఇచ్చారు. అయ్యవారు బట్టీ పట్టించింది ఏబీసీ త్రిభుజం, ప్రశ్నలో ఉన్నది పీక్యూఆర్. ఇదేదో వేరే త్రిభుజమనుకుని బిగుసుకుపోయాను, మిగతావీ గుర్తుకు రాలేదు. లెక్కల్లో తప్పాను.

"సెప్టెంబరులో ఇంగోతూరి రాయి. ఈసారి గూడా పోతే బడీ లేదు, గిడీ లేదు. పత్తి చేన్లోకి రా," అన్నాడు నాయన. అన్నాడంటే చేసే మనిషి. సెప్టెంబరు పరీక్ష నంద్యాలలో కాబట్టి, నన్ను అక్కడ మేనత్త ఇంట్లో దింపి పోయాడు.

ఆ ఊళ్లో చర్చి వీధిలో ఒక టీచరమ్మ దగ్గర చేరాను. ఆమె కొట్టదు. చిన్న తరగతి పిల్లనొకదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ పాపకు తెలిసేటట్టు చెప్పు," అనేది. ఆ గడుగ్గాయి మాటమాటకూ "ఎందుకక్కా?" అని అడిగేది. ఎందుకో నాకేం తెలుసు? చెంపదెబ్బ క్షణంలో అయిపోతుంది, దీనికి అంతే లేదు. నాకిక పత్తి చేనే గతి అని ఏడ్చేదాన్ని.

"యాడ ఆగినావో ఆడి నుంచే చెప్పుమ్మా," అనేది టీచరమ్మ. అక్షరాలు మార్చి, బొమ్మ తలకిందులు చేసి మరీ చెప్పించేది. శ్రావణమాసం వచ్చేసరికి ఆ పిల్ల అడగకముందే ఎందుకో నేనే చెప్తున్నాను.

సెప్టెంబరులో మళ్లీ రాసి ఆళ్లగడ్డకు వచ్చేశాను. పేపర్లో నంబరు కనబడేదాకా అన్నం సయించలేదు. పాసయ్యాను.

"చూసినావా? అయ్యవారి దగ్గర తిన్న దెబ్బలు యాడికీ పోలేదు," అన్నాడు నాయన.

"అట్లా కాదు నాయనా, టీచరమ్మ చెప్పబట్టి..."

"ఏందీ, ముచ్చట్లు పెట్టించే ఆమెనా?" అని నవ్వి, నా చెల్లెలిని పిలిచాడు. "రేపట్నుంచి నువ్వు గూడా అయ్యవారి దగ్గరికి పో."

దానికి నేనే చెప్తానని కాళ్లావేళ్లా పడ్డాను. వినలేదు.

మర్నాడు సాయంత్రం చెల్లెలికి నేనే జడ వేశాను. దానికేం తెలుసు పాపం, కొత్త పలక ఒళ్లో పెట్టుకుని కుదురుగా కూర్చుంది. నేనే, వేసిన జడను రెండుసార్లు విప్పి మళ్లీ మొదటినుంచి అల్లాను.