ఉంగరం మోగిన చోటల్లా

పోయిన వారం మా అన్న కొడుకు వచ్చి, ఇచ్చిన కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, ఫోను నా చెవి దగ్గర పెట్టి మా నాయన గొంతు వినిపించాడు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ గొంతు మాత్రం నడివయసు మనిషిదిలా ఖంగుమంటూ, తప్పు పట్టడానికి వీల్లేని తమిళంలో, కళంటే ఏమిటో, కళాకారుడు జనానికి ఏం బాకీ ఉన్నాడో చెప్పుకుపోతోంది. అవి నాయన జన్మలో అనని మాటలు. పాత సినిమాల్లోంచి ఆయన గొంతు కాస్త తీసి కంప్యూటరుకిస్తే అది ఏం కావాలంటే అది పలుకుతుందట. వచ్చే నెల నాయన పేరు మీద కోయంబత్తూరులో పెద్ద సభ పెడుతున్నారు, అందులో ఆయన మీద నేను తీసిన సినిమా వేస్తారు, దానికి ఈ కొత్త గొంతు అతికించుకోవడానికి నా ఒప్పుదల కావాలని వచ్చాడు. నేను ఆలోచిస్తున్నంతసేపూ వాడు కుర్చీ చేతి మీద వేలితో కొడుతూ కూర్చున్నాడు. ఆ వేలికి మా తాత ఉంగరం ఉంది.

మీలో నా ఈడువాళ్ళకు మా ఇల్లు గుర్తుండే ఉంటుంది. మదురైలో మా తాత నాటకాల కంపెనీ నడిపేవాడు. హార్మోనియం పెట్టె పక్కన కూర్చుని, పాత్రధారి మాట నచ్చకపోతే ఉంగరంతో ఆ పెట్టె మీద ఠక్కున కొట్టేవాడట, అక్కడితో ఆ మాట నాటకంలో లేనట్టే. ఆ ఉంగరం వేలికి పెట్టుకునే నాయన కోయంబత్తూరు స్టూడియోకి వచ్చి పెద్ద డైరెక్టరయ్యాడు, అన్న కెమెరా పట్టాడు, అమ్మ పాటలు పాడి పాడి మానేసింది. నేను ఆడపిల్లను గనుక నలుగురి కంట పడని పని ఇచ్చారు. ఎడిటింగు గదిలో కత్తెర, జిగురులాంటి సిమెంటు సీసా పట్టుకుని, నాయన తీసిన ఫిల్ము ముక్కలు అతికించే పని.

మా ఇంటి వెనక చిన్న హాలొకటి ఉండేది. సినిమా బయటికి వెళ్ళేముందు అక్కడ ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలి. నాయన పేము కుర్చీలో కూర్చుని దాని చేతి మీద ఉంగరంతో కొట్టేవాడు. మొదటి చప్పుడు నుంచి రెండో చప్పుడు దాకా ఉన్నది తీసెయ్యాలి. ఎందుకని అడిగే అలవాటు మా వంశంలో లేదు. నిజం చెప్పొద్దూ, ఆయన కొట్టిన చోట్లు చాలావరకు సరైనవే. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించే సంగతి.

ఇంకొక సంగతి చెప్పకపోతే తరవాతిది అర్థం కాదు. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఈ తమిళ దేశం వచ్చారో మాకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గుమ్మం దాటితే తమిళం. బడిలో నాకు చెప్పిందీ తమిళమే, తెలుగు రాయడం చదవడం పెద్దయ్యాక నా అంతట నేను పట్టుబట్టి నేర్చుకున్నాను. మా ఇంటి తెలుగూ, మిల్లుల వెనక లైను ఇళ్ళలో ఉండి ఊడ్చి, మోసి, దూదిలో బతికేవాళ్ళ తెలుగూ వేరు కాదు. వాళ్ళూ మాలాగే "ఉండాది" అనేవాళ్ళు. నాయన ఈ పోలికను ఒంటి మీద మచ్చలా దాచుకునేవాడు. తెర మీద ఆయనంత చక్కని తమిళం రాయించినవాడు లేడని పత్రికలు రాసేవి, ఇంటికొచ్చి మా అమ్మను "నీల్లు పొయ్యవే" అనేవాడు.

సింగానల్లూరు దగ్గర ఒక మిల్లువాళ్ళు తమ వేడుకకు చిన్న సినిమా తీసిమ్మని అడిగారు. అది నాయన చేతికి తగ్గ పని కాదు గనుక, పండగ నాడు పనివాళ్ళకు పాత చీర ఇచ్చినట్టు నాకిచ్చాడు. నేను ఎగిరి గంతేశాను. నూలు చుట్టే విభాగంలో చాలామంది ఆడవాళ్ళను తీశాను గాని, నా సినిమా అంతా ఒకామెతోనే నిండిపోయింది. నల్లగా, సన్నగా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మనిషి. కెమెరా చూసి ఆమె బెదరలేదు, నన్ను చూసీ బెదరలేదు. మిషను ఆపిన తరవాత జుట్టులోంచి దూది ఏరుకుంటూ ఆమె చెప్పింది:

"సంజకు ఇంటికి పోతే తలంతా తెల్లగా ఉంటాది గదా అమ్మణ్ణీ, నా బిడ్డ నన్ను జూసి ఎవురో ముసిల్ది వచ్చిండాదని ఏడుస్తాది. మొగం కడిగినంక అమ్మా అంటాది."

ఆ మాట అని ఆమె పకపకా నవ్వింది. అతికించే బల్ల మీద ఆ ముక్కను ఎన్నిసార్లు తిప్పి విన్నానో నాకే తెలియదు. నాయన సినిమాల్లో ఏ మనిషీ అలా మాట్లాడలేదు, అంత బాధను నవ్వుతూ చెప్పలేదు. నేను తీయవలసిన సినిమాలు ఇవే అని మొదటిసారి నాకు గట్టిగా అనిపించింది, ఆ సంతోషంలో రెండు పూటలా అన్నం తినడం కూడా మరిచిపోయాను.

ఇంటి హాలులో సినిమా వేశాం. ఆమె నోరు తెరవగానే ఉంగరం మోగింది, నవ్వు ముగిశాక మళ్ళీ మోగింది. దీపాలు వేశాక నాయన నా వైపు తిరగకుండానే తీర్పు చెప్పాడు.

"మొగం బాగుండాది. మొగం పెట్టు. ఆ పేచ్చు పొయ్యికాడ ఉండల్ల, తెర మింద కాదు."

మనం మాట్లాడే పేచ్చూ అదే కదా నాయనా అన్నాను. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అలా ఎదురు చెప్పలేదు. నాయన కోప్పడలేదు. కుర్చీ చేతి మీద ఉంగరంతో ఠక్కున ఒక్క దెబ్బ కొట్టాడు, నా మాటకే. అన్న ముందు నవ్వాడు, తరవాత ఆపరేటరు నవ్వాడు, చివరికి అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వు దాచుకుందో ఏడుపు దాచుకుందో నేను చూడలేదు, చూడాలనీ అనిపించలేదు.

తరవాతి పని నా చేతులతోనే చేయించారు. గొప్ప నటి ఒకామెను పిలిపించి, గద్గదమైన తమిళంలో కొత్త మాటలు చెప్పించారు. పెదవుల కదలికకు సరిపడాలి గనుక, మిల్లు మనిషి నోరు "అమ్మా" అని మూసుకున్న చోట, ఈ మిల్లే మాకు అమ్మ అని అతికించారు. అది ఎంత బాగా అతికిందంటే, అతికించింది నేనే అయినా ఆ పనితనం చూసి లోపల ఒక్క క్షణం మురిసిపోయాను. అసలు గొంతు ఎక్కిన ఫిల్మును తక్కిన చెత్త ఫిల్ముతో కలిపి గోనె సంచిలో వెండివాడికి వేశారు. ఆ రోజుల్లో పనికిరాని ఫిల్మును మరగబెట్టి అందులోని వెండి తీసుకునేవాళ్ళు, మిగిలిన రేకుతో గాజులూ దువ్వెనలూ చేసేవాళ్ళు. ఆ వెండివాడు మర్యాద తెలిసినవాడు. కొన్నాళ్ళకు మా ఇంటి ఆడవాళ్ళకని రంగు గాజులు తెచ్చిచ్చాడు. అమ్మ వాటిని నా చేతికి తొడిగి, బాగున్నాయి అంది.

మిల్లు వేడుకకు పెరట్లో తెర కట్టి సినిమా వేశారు. ఆమె బిడ్డను చంకనేసుకుని, తలకు నూనె రాసుకుని, ముందే వచ్చి కూర్చుంది. తన మొహం కనబడగానే చుట్టూ ఆడవాళ్ళు ఈలలు వేశారు, నోరు తెరవగానే గొల్లుమన్నారు. ఇంత మంచి తమిళం ఎప్పుడు నేర్చావే అని ఒకరు, మిల్లు మీ అమ్మా అని ఇంకొకరు. ముందు వరసలో మిల్లు దొరలు చప్పట్లు కొట్టారు. అంతా అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది. మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు.

"నా గొంతు బాగలేదా అమ్మణ్ణీ?" అని అడిగింది.

ఆమె బిడ్డను చంక మార్చుకుని వెళ్ళిపోయింది. తరవాత నాయన సినిమాలకు ఎన్నో ఏళ్ళు కత్తెర పట్టాను, ఆ ప్రశ్న మాత్రం ఏ రీలులోనూ కత్తిరించలేకపోయాను.

నాయనకు ముసలితనంలో పక్షవాతం వచ్చింది. మనిషి బతికాడు గాని ఆయన తమిళం పోయింది. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి చూశారు, తరవాత నేర్చిన భాష ఒక్కోసారి అలాగే పోతుందన్నారు. మిగిలింది ఆయన తన తల్లి దగ్గర నేర్చుకున్న ముద్దముద్ద తెలుగు, అదీ సగం సగం. అప్పుడే ఆయన జీవితం మీద సినిమా తీయాలని సర్కారువాళ్ళు అడిగారు. అన్నకు మద్రాసులో తీరిక లేక పని నా మీద పడింది. మదురైలో తాత ఇంటి వసారాలో నాయనను కూర్చోబెట్టి, మాట్లాడు నాయనా అన్నాను. ఆయన కెమెరా వంక తేరిపార చూసి అన్నాడు:

"గంజి సల్లగా ఉండాది. ఎవురు పెట్టినారీ గంజి? మాయమ్మ పెట్టల్ల. మాయమ్మను పిలువు."

దానికి మంచి తమిళ గొంతు పెట్టమని అన్న ఫోను మీద ఫోను చేశాడు. నేను పెట్టలేదు. పాత హాలులో అందరం కూర్చున్నాం, నాయనను చక్రాల కుర్చీలో తెచ్చారు. వేలు చిక్కిపోయి ఉంగరం వదులైంది. తన నోరు తెర మీద తెరుచుకోగానే ఆయన కొట్టాడు. ఆపరేటరు పాత అలవాటుకొద్దీ నా వంక చూశాడు. నడవనివ్వు అన్నాను. నాయన మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, సినిమా అయిపోయేదాకా కొడుతూనే ఉన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. దీపాలు వేశాక చూస్తే ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, ఉంగరం నేల మీద పడి ఉంది. అన్న దాన్ని వంగి తీసుకుని తన వేలికి పెట్టుకున్నాడు. ఆ తరవాత చచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ సినిమాతోనే జనం నన్ను ఫలానావారి కూతురు అనడం మానేసి నా పేరుతో పిలిచారు. క్రూరం అన్నవాళ్ళూ ఉన్నారు. అవును, క్రూరమే. నాయన దగ్గర నేను ఏం నేర్చుకున్నానో వాళ్ళకు తెలియదు.

ఇదంతా అన్న కొడుకుకు చెప్పలేదు. ఒక్కటే అడిగాను, ఈ కంప్యూటరు మిల్లులో పనిచేసిన ఒకామె గొంతు తిరిగి తెస్తుందా అని. వాడికి హుషారొచ్చింది.

"తెస్తాది అత్తా! ఆమె గొంతు రవ్వంత సాంపిల్ ఉండల్ల, అంతే. ఉండాదా?"

లేదన్నాను. నాయన గొంతు మార్చడానికి కూడా వీల్లేదన్నాను. వాడు నొచ్చుకోలేదు, నన్ను సముదాయించాడు. ఆ సినిమా హక్కులు అన్న ఎప్పుడో తన పేరు మీద పెట్టుకున్నాడట, నన్ను అడగడం పెద్దదాన్ననే మర్యాదకేనట. చల్లారిన కాఫీ గుక్కలో తాగేసి, కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు.

ఆ రోజుల్లో ఒక గొంతు చెరపాలంటే గోనె సంచి, కాగు, కట్టెలు, వెండివాడు కావలసి వచ్చేది. ఇప్పుడు పొగ కూడా రాదు. ఆ స్టూడియో లేదు, ఆ మిల్లు గోడలు పడగొట్టి ఇళ్ళు కట్టారు, ఆ లైను ఇళ్ళ పిల్లల పిల్లలు ఇంట్లోనూ తమిళమే మాట్లాడుతున్నారు, మా ఇంట్లో కూడా అన్న కొడుకుతో ఆ తెలుగు సరి. సభలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. నాయన తెర మీద చక్కని తమిళంలో కళ గురించి మాట్లాడతాడు, జనం చప్పట్లు కొడతారు. ఆయన పెదవులు వాళ్ళమ్మను గంజి పెట్టమని అడుగుతున్నాయని అంత పెద్ద హాల్లో నాకొక్కదానికే తెలుస్తుంది.