తూము మూసినా పారిన నీళ్లు

సుకన్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో అటెండరు మొదలు ప్రిన్సిపాల్ దాకా అందరూ అంటారు. నిజమే, ఉంటుంది. ఎందుకు ఉంటుందని అడిగినవాళ్లు మాత్రం నిజామాబాద్ మొత్తంలో కనబడరు. కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఆమె చేతి కింద ఉంది. మిషన్ పాడైతే ఆమె కావాలి, పిల్లలకు ప్రోగ్రాం బోధపడకపోతే ఆమె కావాలి, పెద్ద సార్ల ప్రొజెక్టర్ వెలగకపోయినా ఆమే కావాలి. శాలువాలు కప్పే రోజున మాత్రం ఆమె ఎవరో ఎవరికీ గుర్తుకు రాదు.

ఆమెది బోధన్ అవతల, కాలువ చిట్టచివరి ఊరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరకు పోయాక తల్లి భూమవ్వ, తమ్ముడు వేణు ఉన్న నాలుగు మడుల్లో వరి పెడుతున్నారు. కాలువ చివర బతకడమంటే ఏమిటో అక్కడ పుట్టినవాళ్లకే తెలుస్తుంది. పైవాళ్లు పారించుకోగా మిగిలితే నీళ్లు కిందికి వస్తాయి. మిగలకపోతే రావు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే సుకన్య పుస్తకాల సంచి గడపలో పడేసి కాలువ గట్టెక్కి, నీళ్లు వస్తున్నాయా లేదా అని చూసేది. చాలాసార్లు అడుగున పగిలిన మట్టే కనబడేది. కోపం అప్పుడే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

కాలువ ఆఫీసులో ఒక పాత ప్రోగ్రాం ఉంది. ఏ మడికి ఎన్ని నీళ్లు చేరతాయో కాలువలోకి నీళ్లు వదిలే తల తూము దగ్గర మొదలుపెట్టి, మడి వెంట మడి లెక్కకడుతూ చివరిదాకా పోతుంది. పై మడి లెక్క తేలితే తప్ప కింది మడి లెక్క మొదలుకాదు. ఎండలు ముదిరితే ఎట్లా, నడుమ వాన పడితే ఎట్లా అని వేల రకాలుగా లెక్క చూడాలంటే ఒక్క కంప్యూటర్ మీద వారాలు పట్టేది. దాన్ని తొందరగా నడిపించే పని కాలేజీకి వచ్చింది. కాలేజీకి వచ్చిందంటే సుకన్య నెత్తిన పడ్డట్టే.

ఈ పని మాత్రం ఆమె ఇష్టంగా నెత్తికెత్తుకుంది. ల్యాబులోని మిషన్లకు ఆర్మూర్ కాలేజీ మిషన్లను కూడా జతచేసి, అన్నీ కలిసి ఒకే పని పంచుకునేలా గ్రిడ్డు కట్టింది. పిల్లలకు చెప్పేది: "ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పప్పు ఒక్కసారే ఉడుకుతయి. కాని బియ్యం ఉడకకముందే గంజి వంపుతనంటే అయితదా? ఏది దేనికోసం ఆగాల్నో ముందు సూడుండ్రి. ఆగే అక్కర లేనిదాన్నే పంచాలె." అందుకే ఆమె కాలువ జోలికి పోలేదు. ఎండా వానల రకాలను పంచింది. ఒక్కో మిషన్‌కు కొన్ని రకాలు, కాలువ మాత్రం అందరికీ తల నుంచి తోక దాకా మొత్తం. వారాల పని ఒక్క రోజుకు దిగింది.

విభాగం పెద్ద శేఖర్ సార్‌కు ఒక్క రోజు కూడా ఎక్కువే అనిపించింది. కాలేజీ చూడటానికి వచ్చే అతిథులు చాయ్ తాగేలోపు ఫలితం తెర మీదికి రావాలన్నాడు. సుకన్య నాట్లకని ఊరికి పోయినప్పుడు ఆ ప్రోగ్రాం తెరిచి, కాలువనే ముక్కలు చేసి మిషన్‌కొక ముక్క ఇచ్చాడు. పై ముక్క నుంచి ఎన్ని నీళ్లు వస్తాయో తెలియందే కింది ముక్క కదలదు కదా. దానికి ఆయన తూము పక్క ముక్క తప్ప మిగతా ప్రతి ముక్క మొదట్లోనూ కాలువ నిండుగా ఉందని రాసిపెట్టాడు. శేఖర్ సార్‌ది తల తూము పక్క ఊరు. పుట్టి బుద్ధెరిగి కాలువ ఒడ్డు దాకా నిండి ఉండటమే చూశాడు తప్ప, అది ఎండటం చూడలేదు. అందులో మోసం ఏమీ లేదు. అసలు ఆ అనుమానమే ఆయనకు రాలేదు. మోసమైతే నాలుగు తిట్టి ఊరుకునేది, తర్వాత సంగతి తెలిసినప్పుడు సుకన్య ఒళ్లు మండింది ఇందుకే.

అతిథులు చప్పట్లు కొట్టారు, పేపర్లో ఫొటో పడింది. ఆ ఫలితాన్ని పట్టుకొని కాలువ ఆఫీసు ఈ యాసంగి పంటకు నీటి వంతులు మార్చేసింది. చివరి ఊరికి నిండుగా నీళ్లు అందుతున్నాయట, కాబట్టి వాళ్ల వంతు సగానికి తెగ్గోసింది. వేణు ఫోన్ చేశాడు. "అక్కా, గీ లెక్క నీదేనట గద. నాట్లు ఏసినం, ఇగ నారు ఎండుడే."

సుకన్య ప్రోగ్రాం తెరిచి ఏం మారిందో చూసి, నేరుగా శేఖర్ సార్ గదికి పోయింది. ఆయన కూర్చోమనలేదు.

"కాలువను కోసుడేంది సార్? పైన ఎన్ని మిగిల్నయో తెలవకుండ కింద లెక్క ఎట్ల వస్తది?"

"చూడమ్మా, స్పీడు రావాలంటే కొన్ని అనుకోవాలె. పేపర్ల పడ్డంక మారుస్తే కాలేజీ ఇజ్జత్ పోతది."

"మా నారు పోతది సార్."

ఆయన ఫోన్ చూసుకుంటూ, క్లాసుకు టైమైందని లేచిపోయాడు.

బోధన్‌లో రైతులతో మీటింగు పెట్టినప్పుడు సుకన్య తల్లినీ తమ్ముడినీ వెంటబెట్టుకొని పోయింది. శేఖర్ సార్ తెర మీద బొమ్మలు చూపిస్తూ చివరి మడి దాకా నీళ్లే నీళ్లని చెబుతున్నాడు. పక్కన కాలువ ఇంజనీరు తలూపుతున్నాడు. సుకన్య లేచి నిలబడింది.

"సార్, నేను గీ ల్యాబు సుకన్యను. ఒక్క మాట. తల తూము పూర్తిగ బంద్ వెట్టి లెక్క నడిపియ్యుండ్రి. చాయ్ తాగేలోపు అయితది గద."

శేఖర్ సార్ నసిగాడు. ఇంజనీరుకు మాత్రం చూడాలనిపించింది. ఆయనే తూము దగ్గర సున్నా కొట్టి నడిపించాడు. కాసేపటికి తెర మీద బొమ్మ వచ్చింది. తూము పక్క ఊరు ఎండిపోయింది. ఆ కిందికి కాలువ ఒడ్డు దాకా నిండి పారుతోంది. చివరి ఊరి మడులు నీళ్లతో నిండి ఉన్నాయి.

భూమవ్వ కొంగు సర్దుకొని ముందుకు వచ్చింది.

"తూము బంద్ వెట్టినా మా మడికి నీళ్లు పారుతున్నయా సారూ? గా నీళ్లేడున్నయో జర సూపియ్యి. ముప్పై ఏండ్లాయె, దేవులాడుతున్నం."

ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి, కొత్త లెక్క వచ్చేదాకా పాత వంతులే నడుస్తాయని చెప్పాడు. వెనక వరసల్లో కూర్చున్న రైతులు కండువాలు దులుపుకొని లేచారు.

బయట శేఖర్ సార్ ఎదురొచ్చాడు. "అందరి ముంగట ఎందుకమ్మా, నా రూములకొచ్చి చెప్తే అయిపోతుండె గద."

"చెప్పిన సార్. నిలబెట్టి పంపిండ్రు."

ఆయన కారెక్కాడు. రేపు ల్యాబు తాళం తన చేతికి ఇస్తారో లేదో సుకన్యకు తెలియదు. బస్టాండ్ దాకా నడుస్తుంటే ఆమె చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. భూమవ్వ కూతురి మొఖం చూసి అడిగింది.

"కోపం దిగిందా బిడ్డా?"

"దిగలే అవ్వా."

"మంచిగైంది. నీళ్లు మడిల పడేదాక ఉంచుకో."

వేణు ముందు పోయి బస్సులో సీటు ఆపాడు. ముగ్గురూ ఊరికి పోయే బస్సెక్కారు.