అక్క రాసిన కొలత

మా బావ ఓడెల్‌తో కొండ రోడ్డు మీద ప్రయాణమంటే ఓపిక మూటగట్టుకుని బయల్దేరాలి. ఆయనది మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉన్న పాత ఇల్లుబండి. బ్లూ రిడ్జ్ దారిలో గంటకు నలభై ఐదు మైళ్లు దాటకూడదంటారు. మా బావ ముప్పై కూడా దాటడు. పైగా వెనక ఒక్క వాహనం కనబడితే చాలు, రోడ్డు పక్కన కాస్త జాగా దొరగ్గానే ఆపి, చెయ్యి ఊపి, వాళ్లను ముందుకు పంపిస్తాడు.

"దేశంలో ఉన్నవాళ్లందరికీ దారిచ్చాకే మనం వెళ్తామా బావా?" అన్నాను.

"వాళ్లకేం తొందరో పాపం."

"మనకు లేదూ?"

ఎందుకు లేదు! ఆ ఆదివారం సమాధుల పండగ. ఏటా జూన్‌లో మావాళ్లంతా కొండ మీది స్మశానంలో కలిసి, సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే చెట్ల కింద బల్లలు వేసి భోంచేస్తాం. పన్నెండింటికి ప్రార్థన. అప్పటికి బల్ల మీదికి చేరిన వంటే పండగ వంట. ఆలస్యంగా వచ్చింది ఎంత గొప్పదైనా మూత తియ్యకుండా ఇంటికి పట్టుకుపోవాల్సిందే. నలభై ఏళ్లుగా ఆ బల్ల నడుమ మా అక్క వర్నెల్ చేసిన ఏడు పొరల ఆపిల్ కేకు ఉండేది. ఈసారి అక్కడున్న కొత్త సమాధి అక్కదే. కేకు బావ చేశాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఎండు ఆపిల్ ముక్కలు ఉడికించి, పొర మీద పొర పేర్చి, రెండు రోజులు నానబెట్టాడు. ఇప్పుడది నా ఒళ్లో ఉంది. అక్క లేని మొదటి పండగకు ఆమె కేకు లేకుండా పోకూడదని ఆయన పంతం. పైకి అనలేదు గానీ నాకు తెలుసు.

బావ కుర్చీల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. కుర్చీ కాలు వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేవాడు. అలాంటి మనిషి పదకొండున్నరకి ఆఖరి సొరంగం ముందు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. కేకు ఎగిరి నా గడ్డానికి తగలబోయింది.

"ఏమైంది నీకు?"

"పైన ఏసీ ఉంది."

దారిలో మిగతా సొరంగాలన్నీ ఎత్తైనవే. ఇదొక్కటే పొట్టిది. రోడ్డు అంచు దగ్గర ఎత్తు పదకొండడుగుల నాలుగంగుళాలే అని బోర్డు. బండిలో స్టీరింగు పక్కన బండి ఎత్తు, అక్క చేతిరాతలో: "పది అడుగుల పదకొండు అంగుళాలు. తల జాగ్రత్త, ముసలాడా." కిందటి వేసవిలో జబ్బుతో ఉన్న అక్క ఉక్క భరించలేకపోతుంటే, బావ తానే కప్పు మీద పెద్ద ఏసీ బిగించాడు. దాంతో ఎత్తు పధ్నాలుగు అంగుళాలు పెరిగింది.

"కొలవలేదా? నువ్వా?"

"కొలిచా."

"మరి రాసుకోలేదేం, మహానుభావా?"

"రాయాలంటే అది చెరపాలి కదా. చెయ్యి రాలేదు నాడీన్. ఎక్కినప్పుడల్లా అదే చదువుకుంటా. ఈ ఏసీ సంగతే మర్చిపోయా."

తిట్టబోయాను గానీ ఏడుపొచ్చింది. అప్పటికే వెనక పన్నెండు కార్లు చేరాయి. తిప్పుకోవడానికి చోటు లేదు. చుట్టుదారి రెండు గంటలు.

అప్పుడు కిటికీ దగ్గరికి తెల్ల గడ్డం మోటార్‌సైకిలాయన వచ్చాడు. పొద్దున్నుంచి ఆయన బృందం ఫొటోల కోసం ఆగడం, మా వెనక్కి చేరడం, బావ దారివ్వడం, ఇదే వరస.

"మూడుసార్లు దారిచ్చావు పెద్దాయనా. ఇప్పుడు మా వంతు. సొరంగం కమాను కదా, నడుమ ఎత్తుంటుంది, రోడ్డు మధ్య గీత మీదుగా పోనీ. అటునుంచి ఎవర్నీ రానివ్వను."

వాళ్లు అవతలికి వెళ్లి, దారి ఖాళీ అన్నట్టు మూడుసార్లు హారన్ కొట్టారు. బావ మెల్లగా నడుమకి పోనిచ్చాడు. నేను కేకుని వాటేసుకుని కళ్లు మూసుకున్నాను. వెలుతురు తగిలాకే తెరిచాను.

ప్రార్థనకు నాలుగు నిమిషాల ముందు కేకు బల్ల నడుమ పెట్టాం. గడ్డాయన బృందాన్ని కూడా బావ భోజనానికి లాక్కొచ్చాడు. తొంభై ఏళ్ల మా పెద్దమ్మ ఎస్టా ముక్క నోట్లో పెట్టుకుని, "పొరలన్నీ వంకర. కుర్చీలూ ఇలాగే చేశావట్రా?" అంది. అని, రెండో ముక్కకి పళ్లెం చాపింది. ఫిబ్రవరిలో అక్క పోయిన తర్వాత బావ నవ్వగా చూడ్డం నాకదే మొదలు.

తిరిగి బండెక్కాక నేను కలం తీసి, అక్క గీతల్ని తాకకుండా కింద రాశాను: "ఇంకో పధ్నాలుగు అంగుళాలు కలుపుకో. ఇట్లు నాడీన్."

బావ రెండు వరసలూ పైకి చదివాడు. "అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి నన్ను బతకనివ్వరన్నమాట," అంటూ కళ్లు తుడుచుకుని బండి తీశాడు.

మైలు కూడా పోకముందే వెనక ఒక కారు వచ్చింది. బావ పక్కకి ఆపాడు. ఈసారి చెయ్యి నేనే ఊపాను.