ఏనుగు మీది అడ్డగీత

ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

హోసూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. టీమ్ లీడర్‌ది తమిళం, నాది తెలుగు, తెర మీది బొమ్మలు గీసే అమ్మాయిది అస్సాం. డెంకణికోట దగ్గర మా ఊళ్ళో రాగి చేల మీద ఏనుగులు పడుతుంటాయి. ఏనుగు కనబడగానే ఎవరు బటన్ నొక్కినా ఊరందరి ఫోన్లూ మోగేలా ఒక యాప్ చేశాం. పోయినేడు మా అవ్వకు చేలో గింజ దక్కలేదు. ఈసారి కోతలోపే అది ఊళ్ళో నడవాలని నా ఆరాటం.

ఆదివారం టీమంతా ఊరికి పోయాం. జనం చుట్టూ మూగారు. ముందుగా అవ్వ చేతికి ఫోన్ ఇచ్చాను. బటన్ మీద ఏనుగు తల, దాని మీద ఎర్రటి అడ్డగీత. అవ్వ వేలు వెనక్కి తీసుకుంది.

"ఏమప్పా, వినాయక సామి మొగం మీద గీత కొట్టి నన్ను నొక్కమంటావా? చేను పోతే పోనీ, నేను నొక్కను."

హారన్ కొట్టొద్దని రోడ్డు పక్కన పెట్టే గుర్తులాంటిదే ఇదీ అని లీడర్ తమిళంలో నచ్చజెప్పబోయాడు. గీత పెట్టించింది ఆయనే మరి.

"అట్లయితే హారన్ మీదనే కొట్టుకో పోప్పా!" అంది అవ్వ.

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. సొంత ఊళ్ళో నా పరువు గంగలో కలిసింది. ఒళ్ళు మండిపోతుంటే అవ్వ మాటలు అస్సాం అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది! వాళ్ళ ఊళ్ళోనూ వరి మళ్ళలోకి ఏనుగొస్తే వాళ్ళ అమ్మమ్మ చేతులు జోడించి, ఇంటికి పొమ్మని బతిమాలుతుందట.

"ముందే చెప్పొద్దూ?" అని అరిచాను.

ఆఫీసులో ఇలాంటివి చెబితే నవ్వుతారనుకుందట.

ఆ అమ్మాయి అవ్వ ఇంటి అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. గీత పోయింది. బొమ్మలో ఏనుగు మనవైపు వీపు తిప్పి, కొండకేసి నడిచింది. అవ్వ ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసి నవ్వింది.

"ఇప్పుడు బాగుండాది. సామి ఇంటికి పోతా ఉండాడు."

అవ్వ ఒప్పుకోవడంతో జారుకున్నవాళ్ళూ తిరిగొచ్చి, మాలాగే తమ ఫోన్లలో యాప్ పెట్టించుకున్నారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఆఫీసులో మా ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. నొక్కింది అవ్వ! వెంటనే ఫోన్ చేశాను.

"వచ్చినాడప్పా! దండం పెట్టి నొక్కినాను. ఊరంతా డబ్బాలు వాయించుకుంటా వచ్చినారు. అడివికి తిరుక్కున్నాడు. చేను నిలిచింది."

ముగ్గురం కేకలు పెట్టాం. ఆ గోలలోనే అవ్వ గొంతు మళ్ళీ వినబడింది.

"ఆ పాప ఆడనే ఉండాదా? వాళ్ళవ్వకీ ఇట్లాంటిది ఒకటి చేసియ్యండి."

మర్నాడే మొదలుపెట్టాం.