నీళ్ళు వదిలే వారం, అక్క కోసం వర్ని దాకా

శనివారం పొద్దున ఆరుంబావుకి నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాను. స్వెట్టరు, మఫ్లరు, చేతిలో ఒక సంచీ. పదకొండు లోపల మా అక్క పొలం చేరాలి. ఎందుకంటే పదకొండింటికి, మంచు ఆరగానే, మా రాజక్క తన మడికి నిప్పు పెడుతుంది.

ఇది ఆమె ఒక్కతే చేసే పని కాదు. వర్ని, చందూర్ దిక్కు నిజాంసాగర్ కాలువ కింద వానాకాలం వరి కోతలు అయిపోయాక, యాసంగి పంటకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలిసిన వెంటనే ఊళ్ళకి ఊళ్ళు అగ్గిపెట్టెలు తీస్తాయి. మిషన్ కోసి వదిలిన గడ్డి, నేలలో మిగిలిన కొయ్యలు అంతా రెండు మూడు రోజుల్లో కాల్చేసి మడి తయారుగా పెట్టుకుంటారు. ఆ రోజుల్లో పొగ ఊరి మీదే కూర్చుంటుంది. చలికాలం కదా, పైకి పోదు.

పోయిన ఏడు సరిగ్గా ఆ వారంలోనే మా అక్క మూతి ఒక పక్కకి జారింది. కుడి చేతిలోంచి చెంబు పడిపోయింది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. పక్కింటి లచ్చవ్వ పావురాన్ని తెప్పించి దాని రక్తం చేతికి రుద్దింది. మూడు రోజుల తర్వాత నేను తీసుకొచ్చి నిజామాబాద్ డాక్టరుకి చూపిస్తే, ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. పది నిమిషాల్లో తగ్గినా అది పక్షవాతం ముందు చూపే లక్షణమేనట, గంటలో రావాలట. ముందు రోజు ఏం జరిగిందో చెప్పమన్నాడు. వంకాయ కూర తిన్నదని చెప్పాం, ఒక్కపొద్దు ఉన్నదని చెప్పాం, కోడలితో గొడవ కూడా చెప్పాం. పొగ సంగతి చెప్పలేదు. ఏటా ఉండే పొగే కదా, దాన్ని ఎవరు లెక్కపెడతారు?

మొన్న నా బీపీ చూపించుకోవడానికి వెళ్తే అదే డాక్టరు నా ముందున్న మనిషిని అడుగుతున్నాడు: "ఈ రెండు మూడు రోజుల్లో ఎక్కడన్నా పొగలో ఉన్నారా?" మా అక్క మడి గుర్తొచ్చింది. నా వంతు రాగానే అడిగేశాను. బీపీ ఉన్నవాళ్ళకి ఏళ్ళ తరబడి పొగ పీల్చడమే కాదు, ఒక్కరోజు బాగా పొగలో ఉన్నా ఆ రోజో మర్నాడో పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని చెప్పాడు. అందరికీ వస్తుందని కాదు, కానీ ఒకసారి లక్షణం కనపడిన మనిషి ఆ వారం పొగకి దూరంగా ఉంటేనే మేలన్నాడు. అనుమానం వస్తే నవ్వమనాలి, రెండు చేతులు ఎత్తమనాలి, ఒక మాట చెప్పమనాలి. తేడా ఉంటే క్షణం ఆగకుండా అంబులెన్సు పిలవాలి.

ఇదంతా ఫోన్లో చెప్తే మా అక్క నవ్వింది. "తమ్మీ, సోమారం నీళ్ళిడుస్తరంట. శనారం కాలవెడ్త. నీ డాక్టరొచ్చి నా మడి దున్నుతడా?" అని పెట్టేసింది. ఫోన్లో మా అక్కని గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. అందుకే ఈ ప్రయాణం.

బస్సులో నాకు టికెట్టు, ఆడవాళ్ళందరికీ పైసలు లేని జీరో టికెట్టు. ముప్పై ఏళ్ళు కండక్టరుగా టికెట్లు కొట్టిన చేతితో ఇప్పుడు టికెట్టు తీసుకోవడం నాకు ఇంకా కొత్తే. నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. మాటల్లో పొగ సంగతి వస్తే, "కాలవెడ్తె పురుగు సస్తది సార్. మనకేమైతది?" అన్నాడు.

"పురుగు సచ్చే పొగ మనిషికి మంచిదా?" అన్నాను.

అతను కిటికీ మూశాడు.

బోధన్ ముందు రోడ్డు పక్కన బెల్లం బట్టీలు మండుతున్నాయి. చెరకు పిప్పి పొగ, కాగే బెల్లం వాసన రెండూ కలిసి బస్సులోకి వచ్చాయి. నాందేడ్ దిక్కు నుంచి చెరకు కోతకి వచ్చిన ఒక ఆడమనిషి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని "ధూర్ లయీ ఆహే బాబా" అంది. పొగ ఎక్కువుందట. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఆ బెల్లం వాసనకి నోరూరింది.

ఏడుంబావుకి బోధన్‌లో దిగి నాలుగు ఇడ్లీలు, ఒక చాయ్ కానిచ్చాను. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ నీళ్ళలా ఉంది. ఎనిమిదింటి వర్ని బస్సు ఎనిమిది నలభైకి కదిలింది. నా కాలంలో ఇట్లా ఉంటే డిపోలో సంజాయిషీ రాయించేవాళ్ళు! వర్నిలో తొమ్మిదిన్నర. అక్కడ ఆటోవాడు ఆరుగురు నిండితే గాని కదలనన్నాడు. వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. చివరికి ఇద్దరి ఆటో డబ్బులు నేనే ఇస్తానని ఎక్కి కూర్చున్నాను.

చందూర్ దాటాక రోడ్డు కనపడలేదు. రెండు పక్కలా నల్లగా కాలిన మళ్ళు, మధ్యలో ఎర్రటి నాలుకలు. పట్టపగలు ఆటో లైటు వేసుకుని నడిపాడు. అంతా దగ్గారు. నేను మఫ్లరు ముక్కుకి చుట్టుకున్నాను. పదీ నలభై అయింది.

ఇంటికి తాళం ఉంది. కొడుకు, కోడలు వర్నిలో కిరాణం నడుపుతారు, సాయంత్రం గాని రారు. నేరుగా పొలానికి పరుగు లాంటి నడక నడిచాను. గట్టు మీద మా అక్క నిలబడి ఉంది. కర్ర చివర గడ్డి చుట్ట కట్టింది, కొంగు మూతికి బిగించింది, చేతిలో అగ్గిపెట్టె. పక్క మడి లచ్చవ్వది, ఆమె కూడా కర్రతో తయారుగా ఉంది. లచ్చవ్వ భర్త సాయిలు గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నాడు. మూడేళ్ళ కింద అతనికి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు ఈడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది.

"ఏందిరా, గిట్ల ఉర్కొస్తున్నవ్? ఎనక పోలీసులు వడ్డరా?" అంది అక్క.

"నువ్వే దొంగవి, నేనే పోలీసును. అగ్గిపెట్టె ఇటియ్యి."

ఆమె పకపకా నవ్వింది. నేను ఆమె మూతి చూశాను. రెండు పక్కలా సమానంగా ఉంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అగ్గిపెట్టె ఇవ్వలేదు. "నేను వెట్టకుంటె పక్కోడు వెట్టడా? సుట్టూ పొగే. నా ఒక్క మడితోని ఏమైతది?" అంది. డాక్టరు చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. లచ్చవ్వ కూడా, "గది నరదిష్టి తమ్మీ, పావురం రక్తానికి పోలే?" అంది.

నాకు కోపం వచ్చింది. "పోయినేడు నీ మూతి వంకరపోయింది ఏ రోజు? అది చెప్పు."

అక్క వేళ్ళు మడిచింది. ఆమె తేదీలు చెప్పదు, పనులతో లెక్కిస్తుంది. "సోమారం నీళ్ళిడిసిండ్రు. ఆయితారం లచ్చక్క పావురం తెచ్చింది. శనారం… శనారం మడి కాలవెట్టిన. అయితేంది?"

గట్టు మీద నుంచి సాయిలు గొంతు వినిపించింది. మాట తడబడుతోంది గాని అర్థమయింది.

"నేను గూడ… మడి కాలవెట్టొచ్చిన… గా మాపే వడ్డ." ఆ సాయంత్రమే పడిపోయాడట.

లచ్చవ్వ చేతిలో కర్ర కిందికి దిగింది. "ఎన్నడు చెప్పలేదేందయ్యా?"

"నన్నెవరడిగిండ్రు?" అన్నాడు సాయిలు.

మూడేళ్ళు అతనికి తాయెత్తులు కట్టారు, నూనెలు పూశారు, పెద్ద పెద్ద మందులు వాడారు. ఈ ఒక్క మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. పొగ వల్లే పడ్డాడని నేను అనలేను, డాక్టరు కూడా అనలేడు. కానీ నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పొగకి వచ్చాయని అనుకున్నారు, అదే నయం.

మా అక్క అగ్గిపెట్టె బొడ్లో దోపుకుని, "లచ్చక్కా, గడ్డి కట్టలు కట్టే మిషన్ పిలగాన్ని పిలుద్దాం. రెండు మళ్ళు కలిస్తె వస్తడు. మిగిలిన కొయ్యలు నీళ్ళొచ్చినంక దున్నిద్దాం, అవే మురుగుతయి" అంది. లచ్చవ్వ అక్కడే ఫోన్ తీసింది. రేపు పొద్దున్నే వస్తానన్నాడు అతను. గడ్డి బర్రెలకి పనికొస్తుందని సాయిలు సంబరపడ్డాడు.

మిగతా ఊరిని ఆపడం మా వల్ల కాదు. అందుకని పొగ తగ్గేదాకా అక్క నాతో నిజామాబాద్ రావాలి. ఈసారి కాదనలేదు. సాయిలు సంగతి అడిగితే, అతన్ని బోధన్‌లో ఆడబిడ్డ ఇంటికి పంపిస్తానంది లచ్చవ్వ. ఇంటికొచ్చి కిటికీలు మూసుకుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. ఆ పచ్చిపులుసు కోసమైతే నేను రోజూ ఈ దారి వస్తాను. అక్క బీపీ గోలీలు, రెండు చీరెలు సంచీలో వేసుకుంది.

వర్నిలో రెండున్నర బోధన్ బస్సు ఈసారి టైముకే వచ్చింది. అక్కకి జీరో టికెట్టు, నాకు పైసలు. "అక్కతోని వస్తె తమ్మునికి గూడ మాఫీ ఉండాలె" అని కండక్టరు అమ్మాయితో బేరమాడింది. బయట ఇంకా పొగ. నేను మాటిమాటికీ ఏదో ఒక జోకు వేస్తున్నాను. నాలుగోసారికి ఆమెకి తెలిసిపోయింది.

"నవ్విపిచ్చి నా మూతి సూస్తున్నవా?"

తప్పయిందని డాక్టరు చెప్పిన మూడు పరీక్షలూ చెప్పాను. శ్రద్ధగా విని, నా వైపు తిరిగింది. "పొగల నువ్వు గూడ తిరిగినవ్. నీకు గూడ బీపీ ఉంది. నవ్వు."

"ఇక్కడనా?"

"నవ్వుమంటే!"

నవ్వాను. "చేతులెత్తు" అంది. నిండు బస్సులో రెండు చేతులూ ఎత్తాను. అద్దంలో చూసిన డ్రైవరు ఏదో ప్రమాదమనుకుని బ్రేకు వేశాడు. "ఏమైంది బాపూ, దిగుతవా?" అని కండక్టరు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. అక్కే లేచి సంగతంతా చెప్పింది, సాయిలు మాటతో సహా. వెనక సీట్లో ఒక ముసలాయన భయంభయంగా చేతులెత్తి, "నాయి సక్కగున్నయా అవ్వా?" అని అడిగాడు. అతని పక్కామె ఎత్తింది. తర్వాత ఇంకో ఇద్దరు.

ఈ దారిన రాదల్చుకున్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. మంచి రోడ్డు, మంచి మనుషులు, బోధన్ బెల్లం, వర్ని పచ్చిపులుసు. నీళ్ళు వదిలే వారం మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళని ఇటు తేకండి, ఇక్కడి పెద్దవాళ్ళని మీ ఇంటికి పిలవండి. ముప్పై ఏళ్ళు బస్సుల్లో బతికాను గాని, అంతమంది ఒక్కసారిగా చేతులెత్తి నవ్వడం ఎన్నడూ చూడలేదు. మా అక్క సీటు పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరి మూతీ చూస్తూ, "ఆఁ, సక్కగుంది… నీది గూడ సక్కగనే ఉంది" అంటూ బోధన్ వచ్చేదాకా కూర్చోలేదు.